సోమనాథపురం కండెలు: ఒక పరిశీలన

“మొక్కజొన్నని పోర్చుగీసువాళ్లు తెచ్చారన్నది ఉత్తమాట. హొయసలుల నాటికే అది ఇక్కడ పండింది. నమ్మకపోతే సోమనాథపురం గుడి గోడలు చూసి రండి.” మైసూరు సీమలో స్థిరపడిన మన తెలుగువాళ్ల నోట ఈ మాట తరచు వింటుంటాను. ఉగాది ప్రత్యేక సంచికల్లో చదువుతుంటాను కూడా. చెప్పేవాళ్లలో చాలామంది చదువుకున్నవాళ్లు, గుడి చూసి వచ్చినవాళ్లు. శిల్పం చేతిలో కండె లాంటిది కళ్లారా చూశామంటారు. చూసిన మాట నిజమే. చూసినదాన్ని ఎలా చదివారన్నదే నా పేచీ.

కథల మీదా కవిత్వం మీదా విమర్శ వచ్చే పేజీల్లో గింజల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. రాతి మీది బొమ్మ అయినా, గుహలో దొరికిన ఎండు కండె అయినా, అర్థం చెప్పబోయేవాడికి అదొక పాఠమే. అందులో ఏముంది, ఆ కాలంలో ఆ చోట దానికి ఏం అర్థం ఉండేది, మన కోరికని మనమే అందులోకి ఎక్కిస్తున్నామా అని ఒక పద్యం దగ్గర ఆగి చూసుకుంటాం కదా. ఆ జాగ్రత్త ఇక్కడా అవసరమే.

ఈ వాదానికి మూలం ఏదో ఊకదంపుడు ఉపన్యాసం కాదు. 1989లో ‘ఎకనమిక్ బాటనీ’ అనే పేరున్న శాస్త్ర పత్రికలో కార్ల్ జొహానెసెన్, ఆన్ పార్కర్ కలిసి రాసిన వ్యాసం. జొహానెసెన్ అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రం చెప్పిన ఆచార్యుడు. 12, 13 శతాబ్దాల కర్ణాటక ఆలయాల్లో మూర్తుల చేతుల్లో కనిపించేవి మొక్కజొన్న కండెలేననీ, అంటే 1492లో కొలంబస్ అమెరికా చేరడానికి ముందే ఆ పంట సముద్రం దాటి మన దేశానికి వచ్చేసిందనీ ఆ వ్యాసం సారాంశం.

దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యడం నాకిష్టం లేదు. వాళ్లు శిల్పాలని ఓపిగ్గా చూశారు. గింజల వరసలు, ఒక్కో గింజ ఆకారం, కొనకి పోయేకొద్దీ సన్నబడే తీరు, అడుగున పొట్టులా కనిపించే పొర, ఇవన్నీ విడివిడిగా పరిశీలించి అసలు కండెలతో పోల్చారు. ఎదురుగా కండె లేకుండా శిల్పి ఇన్ని వివరాలు ఊహించి చెక్కలేడన్నారు. మన గుళ్ల మీద మనం రాసుకునే వ్యాసాల్లో ‘అద్భుతం’, ‘అపురూపం’ అన్న మాటలే గాని కొలబద్ద కనిపించదు. ఆ లెక్కన ఈ ఇద్దరికీ నమస్కారం పెట్టాల్సిందే. కాని వ్యాసం మొత్తాన్నీ మోస్తున్నది ఒక్కటే స్తంభం. పోలిక. ఇది అదిలా ఉంది, కాబట్టి ఇది అదే.

పోలిక ఎంత బరువు మోస్తుందో తెలియాలంటే మొక్కజొన్న పుట్టినచోటికి, మెక్సికోకి వెళ్లాలి. అక్కడ దాదాపు డెబ్భై ఏళ్లపాటు మహా పండితులు ఇదే స్తంభాన్ని పట్టుకుని కొట్టుకున్నారు.

నైరుతి మెక్సికోలో బాల్సాస్ అనే నది ఉంది. ఆ లోయలో, కొండవాలుల్లో తియోసింటె అనే గడ్డి తనంతట తాను పెరుగుతుంది. చూస్తే గుబురుగా, బోలెడు కొమ్మలతో ఉంటుంది. దాని కంకి వేలెడంత. అందులో రెండు వరసల్లో ఐదు నుంచి పన్నెండు దాకా గింజలు. ఒక్కో గింజ రాయిలాంటి పెంకులో దాక్కుని ఉంటుంది. పంటి కింద వేసుకుంటే పన్నే విరగాలి. ముదిరితే కంకి ఎక్కడికక్కడ విడిపోయి గింజలు నేల రాలిపోతాయి. బెండు అన్నదే లేదు.

మొక్కజొన్నని పక్కన పెట్టి చూడండి. ఒకే కాండం. గుప్పిట పట్టనంత కండె. వందల గింజలు బెండుకి గట్టిగా అతుక్కుని వరసలు తీరి ఉంటాయి. గింజ మీద పెంకు లేదు, కండె మొత్తానికీ పొత్తి చుట్టుకుని ఉంటుంది. మనిషి ఒలిచి విత్తకపోతే ఈ మొక్కకి వంశం లేదు. కండెకి కండె నేలన పడితే మొలకలన్నీ ఒకే చోట లేచి ఒకదాన్నొకటి నొక్కేసుకుని చస్తాయి.

ఈ రెండూ తల్లీబిడ్డలంటే ఎవరు నమ్ముతారు? వృక్షశాస్త్రజ్ఞులే నమ్మలేదు. తియోసింటెని చాలాకాలం యూక్లీనా అని వేరే ప్రజాతి కింద రాసిపెట్టారు.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకునేటప్పుడు జార్జి బీడిల్ ఈ రెండింటినీ సంకరం చేసిన మొక్కలతో పనిచేశాడు. రెండింటి క్రోమోజోములూ చక్కగా జతపడుతున్నాయి, పిల్ల మొక్కలు మళ్లీ గింజ కడుతున్నాయి. ఇంత దగ్గరితనం ఉంటే ఒకటి రెండోదానికి మూలం కావాలి గదా అని 1939లో రాశాడు. పెంకు గట్టిదైతే మనుషులు ఎలా తిన్నారంటారా? నిప్పుల మీద వేడిచేస్తే గింజ పెంకుని చీల్చుకుని పేలాలుగా బయటపడుతుందని చేసి చూపించాడు.

ఆయనకి ఎదురు నిలిచినవాడు హార్వర్డ్ పండితుడు పాల్ మాంగెల్స్‌డార్ఫ్. ఆ రోజుల్లో మొక్కజొన్న మీద ఆయన మాటే వేదం. ఆయన వాదం ఇలా నడిచింది. మొక్కజొన్నకి తల్లి మొక్కజొన్నే, అడవి మొక్కజొన్న. అది చిన్న కండెతో ఎప్పుడో ఉండి నశించిపోయింది. తియోసింటె తల్లి కాదు, మొక్కజొన్నకీ ట్రిప్సాకం అనే మరో గడ్డికీ పుట్టిన సంకరం. ఇందులో మనకి కావలసిన కీలకం ఒకటుంది. తల్లి బిడ్డలాగే ఉండి తీరాలని ఆయన ముందే అనుకున్నాడు. ఆ తరవాత వెతికినదంతా ఆ పోలిక కోసమే.

వెతికినవాడికి దొరకనిదేముంది? రిచర్డ్ మాక్‌నీష్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1960ల మొదట్లో మెక్సికోలోని తెవాకాన్ లోయ గుహల్లో తవ్వకాలు జరిపాడు. ఎండిన గాలి, వాన చుక్క పడని గుహలు. 24 వేలకు పైగా మొక్కజొన్న అవశేషాలు బయటపడ్డాయి. అడుగు పొరల్లో మనిషి వేలి కంటే పొట్టివైన కండెలు దొరికాయి. మాంగెల్స్‌డార్ఫ్ వాటిని చూసి ఇదిగో నేను చెప్పిన అడవి మొక్కజొన్న అన్నాడు. 1964లో ఆయన, మాక్‌నీష్, వాల్టన్ గాలినాట్ కలిసి ఆ సంగతి ప్రకటించారు. వాటి వయసు 7 వేల ఏళ్లన్నారు. ప్రపంచం చాలావరకు నమ్మింది.

బీడిల్ ఈలోగా వేరే పనిలో పడి 1958లో నోబెల్ బహుమతి తెచ్చుకున్నాడు. చికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడయ్యాడు. 1968లో ఆ పదవి దిగాక మనవలని ఆడించుకుంటూ కూర్చోవలసిన వయసులో మళ్లీ మడిలోకి దిగాడు. ఈ మనిషంటే నాకు ముచ్చట. వాదాలు చాలు, మొక్కలనే అడుగుదామన్నాడు. మెక్సికోలో ఒక పాత రకం మొక్కజొన్ననీ తియోసింటెనీ సంకరం చేసి, ఆ సంకరానికి పుట్టిన తరంలో 50 వేల మొక్కలు పెంచాడు. అందులో అచ్చం మొక్కజొన్నలా ఉన్నవెన్ని, అచ్చం తియోసింటెలా ఉన్నవెన్ని అని లెక్కపెట్టాడు. ఇంచుమించు 500 మొక్కలకి ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చాయి. లెక్క సులభమే. రెండింటికీ తేడా నాలుగు ముఖ్య జన్యువులదైతే 256కి ఒకటి రావాలి, ఐదైతే 1024కి ఒకటి. అంటే కంటికి అంత దూరంగా కనిపించే తల్లీబిడ్డల మధ్య పెద్ద అడుగులు నాలుగైదే.

తరవాతి తరం ఆ అడుగులని ఒక్కొక్కటే పట్టుకుంది. జాన్ డోబ్లీ బృందం గుబురు మొక్కని ఒంటి కాండంగా మార్చిన జన్యువునీ, గింజ మీది రాతి పెంకుని తీసేసిన జన్యువునీ గుర్తించింది. పెంకు విషయంలో ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తులో ఒకే ఒక్క అంశం మారిందని 2005లో తేలింది. ఒక అక్షరం మారితే పద్యం అర్థమే మారిపోవడం మనకి తెలియనిదా! 2002లో మాత్సుఓకా, డోబ్లీ తదితరులు ప్రకటించిన పరిశీలనలో మొక్కజొన్న రకాలన్నీ ఒకే మూలానికి పోతాయనీ, ఆ మూలం బాల్సాస్ లోయ తియోసింటె అనీ, అది సుమారు 9 వేల ఏళ్ల నాటి మాట అనీ లెక్క వచ్చింది.

అసలైన తల్లికి బిడ్డ పోలిక లేదు. పోలిక ఉందని పట్టుకున్న తల్లి అసలు లేనే లేదు. సోమనాథపురం వాదాన్ని తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ నాకు కనపడదు.

తెవాకాన్ కండెల వయసు సంగతి మిగిలింది. 7 వేల ఏళ్లు అన్నది కండెలని పరీక్షించి చెప్పింది కాదు. అదే పొరలో దొరికిన బొగ్గు ముక్కలని పరీక్షించి, వాటితోపాటు ఉన్నాయి కనక కండెలదీ అదే వయసన్నారు. తాటాకు ప్రతుల్లో ప్రక్షిప్తాల గొడవ తెలిసినవాళ్లకి ఇందులోని ప్రమాదం చెప్పక్కర్లేదు. పాత ప్రతిలో ఉన్నంత మాత్రాన పద్యం పాతది కాదు. గుహలో ఎలుకలు బొరియలు తవ్వుతాయి, మనుషులు గుంటలు తీస్తారు, పైదేదో కిందికి జారుతుంది. కండెనుంచే చిటికెడు తీసి వయసు కట్టే పద్ధతి వచ్చాక తెవాకాన్ కండెలని నేరుగా పరీక్షించారు. అన్నిటికంటే పాతవాటికీ సుమారు 5,500 ఏళ్లే వచ్చాయి. ఆ ఫలితం అచ్చయింది 1989లో. సోమనాథపురం వ్యాసం వచ్చిన ఏడాదే. బీడిల్ కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఒకవైపు మొక్కజొన్న పండితులు “కండె పక్కనున్న బొగ్గు కాదు, కండెనే అడగండి” అంటున్న సమయానికి, మరోవైపు కండే లేకుండా కండె బొమ్మని అడిగే వ్యాసం వచ్చిందన్నమాట.

తరవాతి పని అంతా ఈ కొత్త పట్టుదలతోనే సాగింది. ఒహాకా లోయలో కెంట్ ఫ్లానరీ 1966లో తవ్విన గిలా నకీట్స్ గుహలో దొరికిన చిన్న కండెలకి 2001లో నేరుగా వయసు కడితే దాదాపు 6,250 ఏళ్లు వచ్చింది. రెండు వరసలవీ నాలుగు వరసలవీ ఉన్నాయి. గింజలు తమంతట రాలేవి కావు, అంటే అప్పటికే మనిషి చేతికి చిక్కినవి. బాల్సాస్ లోయలోనే షివాతోష్ట్లా అనే రాతి చూరు కింద డొలొరెస్ పిపెర్నో, ఆంథొనీ రనీర్ బృందం వెతికితే కండె ఒక్కటీ మిగల్లేదు. అది తడి నేల. అయితే తిరగలి రాళ్ల సందుల్లో మొక్కజొన్న పిండి రేణువులు చిక్కుకుని ఉన్నాయి. కంటికి కనపడని ఆ రేణువులు 8,700 ఏళ్ల నాటివని 2009లో ప్రకటించారు. ఎవరో ఒకామె నూరిన పిండి. రాయి కడిగినా పోలేదు.

ఒక్క కండె చెప్పగల కథ ఎంతో తెలియాలంటే 2016 నాటి పరిశోధన చూడాలి. తెవాకాన్ తవ్వకాల్లో దొరికి అన్నేళ్లూ దాచిపెట్టి ఉంచిన 5,310 ఏళ్లనాటి కండెలోంచి జన్యుక్రమం తీసి చదివారు. పెంకు వదిలించుకున్న జన్యువు అందులో ఉంది, మొక్కజొన్న రూపం వైపు వచ్చిన మార్పులు మరికొన్నీ ఉన్నాయి. ఇంకా కొన్ని తియోసింటె దశలోనే ఉన్నాయి. సగం దారిలో ఆగి వెనక్కి చూస్తున్నట్టుంది. అంటే మార్పు ఒక మహానుభావుడు ఒక ఉదయాన చేసింది కాదు. బెలీజ్ దేశంలో పాత అస్థిపంజరాల ఎముకలని పరీక్షించిన 2020 నాటి పరిశోధన ప్రకారం, అక్కడివాళ్లకి మొక్కజొన్న ముఖ్య ఆహారం అయ్యేసరికి ఇప్పటికి 4 వేల ఏళ్ల కిందటి కాలం వచ్చింది. మొదలుపెట్టిన నాటికీ, కడుపు నింపిన నాటికీ మధ్య దాదాపు 5 వేల ఏళ్లు! అన్ని తరాలు ఇది పూర్తి పంట కాకుండానే దాన్ని వదలకుండా పట్టుకుని ఉన్నాయి.

ఈ కథలో మాంగెల్స్‌డార్ఫ్ పూర్తిగా ఓడిపోయాడని అనుకోకండి. సంకరం ముఖ్యమన్న ఆయన పట్టుదలలో ఒక గింజ సత్యం ఉంది. ఇప్పటి మొక్కజొన్నలో ఇంచుమించు ఐదోవంతు జన్యు వారసత్వం చల్లటి ఎత్తు ప్రదేశాల్లో పెరిగే మరో తియోసింటె నుంచి వచ్చిందని 2023లో ప్రకటించారు. లోయ గడ్డి బిడ్డ కొండెక్కి అక్కడి బంధువుతో కలిసింది. చలి తట్టుకునే గుణాలు కొన్ని అలా వచ్చినవే. ఆయన చెప్పిన ట్రిప్సాకం మాత్రం నిలబడలేదు.

రకాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరి చేతి పని అన్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. వెల్‌హౌసెన్, రాబర్ట్స్, ఎర్నాందెస్, మాంగెల్స్‌డార్ఫ్ కలిసి 1952లో మెక్సికో మొక్కజొన్న జాతుల మీద పుస్తకం వేశారు. 25 జాతులని వర్ణించారు, తరవాత లెక్క ఇంకా పెరిగింది. నేను ఇలాంటి పుస్తకాన్ని నిఘంటువులా చదువుతాను. పేలాలకి పాలొమెరొ. పోసోలే అనే పులుసులోకి పెద్ద మెత్తటి గింజల కకవసింత్లె. తెవాంతెపెక్ భూసంధిలో గాలి హోరుకి పడిపోకుండా పొట్టిగా, త్వరగా పండే సపాలోతె చీకొ. కొండల మీద చలికి ఆగే, శంకువులాంటి కండె ఉన్న కోనికొ. సముద్రపు ఒడ్డు నుంచి మూడు వేల మీటర్ల ఎత్తు దాకా ప్రతి నేలకీ ప్రతి వంటకీ ఒకటి. ఇంత వైవిధ్యం చేతులు మారిన విత్తనంలో ఒక్కసారిగా పుట్టదు. పంట కోసినప్పుడల్లా ఏ కండె విత్తనానికి దాచాలో ఎవరో చేత్తో పట్టుకుని చూసి, ఎంచి, చూరుకి వేలాడగట్టి ఉండాలి. వేల ఏళ్లపాటు.

ఆ ఎంచిన చేతులకి పేర్లు లేవు. గ్వాతెమాలాలోని కీచే మాయా ప్రజల ‘పోపోల్ వూ’లో దేవతలు మనుషుల్ని మొదట మట్టితో చేసి, పనికిరాక, తరవాత కొయ్యతో చేసి, అదీ పనికిరాక, చివరికి మొక్కజొన్న పిండితో చేస్తారు. ఆ చేతుల వారసులు తమ గురించి చెప్పుకున్న కథ అది. దాన్ని 18వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్కో హిమేనెస్ అనే క్రైస్తవ సన్యాసి రాసుకున్న ప్రతి వల్ల ఇవాళ మనం చదవగలుగుతున్నాం.

ఇప్పుడు సోమనాథపురం తిరిగి వద్దాం. హొయసల మూడవ నరసింహుడి దండనాయకుడు సోమనాథుడు 13వ శతాబ్దంలో కట్టించిన గుడి. 2023లో బేలూరు, హళేబీడులతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మూర్తుల చేతుల్లో ఉన్నది మొక్కజొన్న కాదని 1991లోనే ‘కరెంట్ సైన్స్’లో వీణ, శిగామణి రాశారు. ముత్యాలు పొదిగినట్టుండే కల్పిత ఫలం, ముక్తాఫలం అన్నారు. మొక్కజొన్న మీద జీవితం వెచ్చించిన శాస్త్రవేత్తలు పాయక్, సచన్ 1993లో, జొహానెసెన్ వ్యాసం వచ్చిన ఆ ‘ఎకనమిక్ బాటనీ’లోనే, సోమనాథపురంలో చెక్కింది మొక్కజొన్న కండెలని కాదని శీర్షికలోనే తేల్చి చెప్పారు. మన ఉగాది సంచికల వ్యాసకర్తలు 1989 వ్యాసాన్ని ఉటంకిస్తారు. ఈ రెండింటినీ ఉటంకించినవారిని ఇంతవరకు చూడలేదు. వాది మాట విని ప్రతివాదిని పిలవకుండా తీర్పిచ్చే న్యాయస్థానం లాంటిది ఇది.

నేను శిల్పశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను, సాహిత్యం చదివేవాణ్ణి. అయినా హొయసల శిల్పం ముందు పది నిమిషాలు నిలబడితే ఒకటి తెలుస్తుంది. అక్కడి రాయి బలపం రాయి, మెత్తన. ఆ మెత్తదనం శిల్పి చేత ముత్యాలు చెక్కించింది. కిరీటంలో ముత్యాల వరసలు, మెడలో ముత్యాల వరసలు, మొలనూలులో, తోరణంలో, ఏనుగు గుంజీతంలో. వరసలు తీర్చిన పూస అక్కడి శిల్పి వర్ణమాలలో మొదటి అక్షరం. ఆ అక్షరంతో రాసిన పండొకటి చేతిలో కనిపిస్తే దాన్ని ఆ భాషలోనే చదవాలి గాని మెక్సికో భాషలో కాదు. శిల్పి ఎదురుగా కండె లేనిదే ఇన్ని వివరాలు చెక్కలేడన్న మాట, యాళిని చెక్కిన చేతుల గురించి అనవలసింది కాదు.

సరే, నమ్మాలంటే ఏం దొరకాలి? ఒక మాడిన గింజ. ఒక బెండు ముక్క. తిరగలి సందులో పిండి రేణువు. ఇవి దొరకడం అసాధ్యం అనకండి. బళ్లారి దగ్గర సంగనకల్లు మొదలైన నవీన శిలాయుగపు ఊళ్లలో మట్టిని నీళ్లలో కలిపి తేలినదాన్ని వడగట్టి చూస్తే మాడిన ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి. డోరియన్ ఫుల్లర్ తదితరులు ఆ పని చేశారు. మూడున్నర వేల ఏళ్లకి పైబడిన గింజలవి, కొన్ని ఆవగింజ కంటే పెద్దవి కావు. అంత చిన్న అండుకొర్ర అన్నాళ్లు మిగిలిన నేలలో, ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి బెండు మిగలడానికి ఏం అడ్డం? గుళ్లో దేవతల చేతికి ఎక్కేంత పేరున్న పంటైతే పొలాల్లో, పొయ్యిల్లో, పెంటదిబ్బల్లో దాని జాడ ఉండి తీరాలి. పన్నుల శాసనాల్లో, ధాన్యాల పేర్లు వల్లించే కవుల పద్యాల్లో పేరైనా ఉండాలి. గింజ ఒక్కటి దొరికి, దాని వయసు నేరుగా కడితే, ఈ వ్యాసం నేనే చింపేస్తాను.

సిక్కిం కొండల్లో చిన్న కండెల ‘ఆదిమ’ రకం ఉందనీ, అది పాతది కాబట్టి మొక్కజొన్న ఇక్కడా పాతదేననీ 1964 నుంచి ఇంకొక వాదం ఉంది. అదీ పోలికే. ముసలివాడిలా కనిపించేవాళ్లంతా ముందు పుట్టినవాళ్లు కారు.

మొక్కజొన్నకి మన భాషల్లో ఉన్న పేర్లని కూడా సాక్ష్యంగా తెస్తారు. అవి చెప్పేది వేరు. హిందీలో మక్కా, మరాఠీలో ఒడియాలో మకా, తమిళంలో మక్కాచ్చోళం, కన్నడంలో మెక్కెజోళ, ముసుకిన జోళ. తెలంగాణలో మక్కలు, కోస్తాలో మొక్కజొన్న. ఈ ‘మొక్క’ కూడా మక్కే అయ్యుంటుందని నా ఊహ. ముసుకిన జోళ ఎంత అందమైన పేరు! పొత్తిని ముసుగు చేసేశారు. ఇటలీలో దీన్ని తురక ధాన్యం అంటారు, తురకలేమో ఈజిప్టు పేరుతో మిసిర్ అంటారు. ఎవరూ మెక్సికో పేరెత్తరు. పరాయి గింజకి జనం పెట్టే పేరు అది పుట్టిన ఊరు చెప్పదు. ఎవరి చేతి నుంచి వచ్చిందనుకున్నారో అది చెబుతుంది, లేదా ఇంట్లో ఉన్న ఏ గింజలా ఉందో అది చెబుతుంది. మనం జొన్నలా ఉందన్నాం. ఆ జొన్న మాత్రం మనదా? అది ఆఫ్రికా నుంచి వచ్చింది. రాగీ అంతే, సజ్జా అంతే. అమెరికా గింజకి ఆఫ్రికా గింజ పేరు పెట్టి తెలుగు చేసుకున్నాం, కన్నడిగులూ తమిళులూ అలాగే చేసుకున్నారు.

ఈ వాదం మనవాళ్లకి ఎందుకింత తియ్యగా ఉందో నాకు తెలుసు. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో ఉన్న మనల్ని ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు: మీరు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు? బడిలో అడుగుతారు, ఆఫీసులో అడుగుతారు. దాంతో ముందు వచ్చినవాడిదే హక్కు అన్న లెక్క మన బుర్రల్లో కూడా ఎక్కి కూర్చుంది. ఇక దేనికైనా పాతదనం అంటగట్టాలన్న ఆత్రం. గుడి గోడ మీద కండె కనిపిస్తే, అదిగో మనం ముందే ఉన్నాం అన్న తృప్తి. ఈ తృప్తికి ఖరీదు ఎవరు కడుతున్నారో ఆలోచించాలి. మొక్కజొన్న ఎప్పటినుంచో అన్నిచోట్లా ఉందంటే, దాన్ని ఒక పనికిరాని గడ్డిలోంచి తీసిన ఒహాకా, గెర్రెరో పల్లెల వాళ్ల పని మాయమైపోతుంది. వాళ్లూ సొంత దేశంలో సొంత భాషలు మాట్లాడుతూ అల్పసంఖ్యాకులుగా మిగిలిన జనమే. మన పాతదనం కోసం వాళ్ల పేరు కొట్టెయ్యడం మనకి తగని పని.

గింజని తీసుకుని, గింజ వెనక ఉన్న తెలివిని వదిలేస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. మెక్సికోలో మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి నానబెట్టి రుబ్బుతారు. అలా చేస్తేనే అందులోని నయాసిన్ అనే విటమిను ఒంటికి పడుతుంది. యూరపువాళ్లు కండెలని ఓడెక్కించుకున్నారు గాని సున్నపు కుండని చూసి కూడా వదిలేసి వచ్చారు. మొక్కజొన్న మీదే బతికిన పేదలకి స్పెయిన్‌లో, ఇటలీలో, తరవాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా పట్టుకుంది. చర్మం పగిలి, మతి చెడి వేలమంది పోయారు. కారణం తిండిలో ఉందని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 తరవాత చూపించేదాకా అదేదో అంటురోగం అనుకున్నారు. అదే రోగం జొన్న తినే మన దక్కను పేదల్లో ఉండడం గమనించి హైదరాబాదులో సి. గోపాలన్ 1960ల్లో పరిశోధించారు.

దావణగెరె, హావేరి జిల్లాల్లో ఇవాళ ఎటు చూసినా మెక్కెజోళమే. అక్కడి తెలుగు రైతులు దాన్ని ఏ పేరుతో పిలుస్తున్నారో, వరసలు సరిగా రాని వంకర కండెకి, గింజ పట్టని కొనకి, లోపలి బెండుకి, పైన వేలాడే పీచుకి ఏ మాటలు వాడుతున్నారో నాకు తెలుసుకోవాలని ఉంది. యానాంలో, బరంపురంలో, షోలాపూరులో ఉన్న పాఠకులు కూడా మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడిగి పత్రిక చిరునామాకి రాయండి. పక్క భాషనుంచి వచ్చిన మాటైతే సవరించకుండా, విన్నది విన్నట్టే రాయండి.